ఇరవై ఏళ్ళు దాటిన కాబెర్నే–మెర్లో బ్లెండ్: మొదటి సీసా పారబోశాను, రెండోదైనా సరిగ్గా రుచి చూడాలి, సాయం చేయండి

నేరేడురంగు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నా దగ్గర ఒకే వైన్ రెండు సీసాలు ఉండేవి. కాలిఫోర్నియాలోని నాపా లోయ, 2001 పంట, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం తరహాలో కొన్ని ద్రాక్ష రకాలు కలిపిన బ్లెండ్. కాబెర్నే సావిన్యాన్ 62 శాతం, మెర్లో 28, కాబెర్నే ఫ్రాంక్ 10 అని లేబుల్ మీద ఉంది. పన్నెండేళ్ళ నుంచి వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీల దగ్గర పడుకోబెట్టే ఉంచాను. పోయిన నెల మొదటిది తీశాను. అప్పటిదాకా పడుకుని ఉన్న సీసాను కారులో వేసుకుని స్నేహితుల ఇంటికి తీసుకెళ్ళి, వెళ్ళిన పావుగంటకే తెరిచేశాం. బిరడా సగానికి విరిగింది. గ్లాసులో పోస్తే ఇటుక రంగులో, మసకమసకగా ఉంది. వాసన చూస్తే ఎన్నేళ్ళుగానో మూసి ఉన్న అల్మారా తలుపు తీసినట్టు. నోట్లో చేదు, పళ్ళ మీద ఇసుక రాసినట్టు గరగర. పాడైపోయిందనుకుని ఐదు నిమిషాల్లో సింకులో పోసేశాం. అన్నేళ్ళు దాచుకున్నది కదా, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

ఇప్పుడు రెండోది మిగిలింది. అదీ అలాగే పాడై ఉంటుందా? పాతబడటానికీ పాడవటానికీ తేడా ఎలా పట్టుకోవాలి? కొత్త రెడ్ వైన్లు చాలానే తాగాను, నోట్స్ కూడా రాసుకుంటాను, కానీ ఇంత పాతది ఎప్పుడూ రుచి చూడలేదు. ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో చెప్పండి.

తేటనీరు:

చదువుతుంటే బాధేసిందండీ. మీరు చెప్పినవాటిలో ఆ వైన్ పాడైందని కచ్చితంగా చూపించేది ఒక్కటీ లేదు. ఒక్కొక్కటే చూద్దాం.

ఇటుక రంగు తప్పు కాదు, వయసు. కొత్తలో ఊదా ఛాయ ఉన్న ఎరుపు మెల్లగా గోమేధికం రంగుకి, అక్కణ్ణుంచి ఇటుక రంగుకి తిరుగుతుంది. రంగునిచ్చే పదార్థాలూ, వగరునిచ్చే టానిన్లూ ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. ఆ దిగిందే మడ్డి. అందుకే పాత రెడ్ వైన్ రంగు పలచబడుతుంది, వగరు మెత్తబడుతుంది. మీరు కారులో కుదిపి తీసుకెళ్ళి ఆ మడ్డినంతా మళ్ళీ పైకి లేపారు. మసక అదే, పళ్ళ మీద ఇసుకా అదే, చేదులో పెద్ద భాగం కూడా అదే.

రంగు చూడాలంటే గ్లాసును తెల్ల కాగితం మీదకి వంచి అంచు చూడండి. నడుమ ఎరుపు మిగిలి ఉండి, అంచు దగ్గర నారింజ ఛాయ వెడల్పుగా పరుచుకుని ఉంటే బాగా పండిన వైన్ అని అర్థం. మొత్తం గోధుమ రంగుకి తిరిగి, మెరుపు లేకుండా చచ్చుగా ఉంటే అప్పుడు అనుమానపడాలి. అప్పుడు కూడా రంగు చూసి తీర్పు ఇవ్వకండి, ముక్కు చెప్పేదాకా ఆగండి.

ఇక ఆ అల్మారా వాసన. నన్నడిగితే మొత్తం విషయం ఇక్కడే ఉంది. ఇరవై ఏళ్ళు గాలి సోకని వైన్ తెరవగానే ముక్కిన వాసన రావడం మామూలే, పది ఇరవై నిమిషాల్లో పోతుంది. బిరడా దోషం ఉంటే అలా పోదు. టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది అది, లీటరులో కొన్ని నానోగ్రాములు ఉన్నా తెలుస్తుంది. తడిసిన అట్టపెట్టె, నీళ్ళోడుతున్న పాత న్యూస్‌పేపరు, ఆ రకం వాసన. దాని గుణం ఏంటంటే గాలి తగిలేకొద్దీ తగ్గదు, ఇంకా తేటగా తెలుస్తుంది. పైగా పండు వాసనను తినేస్తుంది. అంటే ఈ రెంటినీ విడదీసేది కాలమే. ఐదు నిమిషాల్లో పారబోశారు కాబట్టి మొదటి సీసాలో ఉన్నది ఏదో ఇక మీకూ తెలీదు, మాకూ తెలీదు.

ఒకవేళ అది నిజంగా బిరడా దోషమే అయినా రెండో సీసాకి దాంతో సంబంధం లేదు. ఏ బిరడాకి ఆ బిరడాయే. టెన్షన్ పెట్టుకోకండి.

బిరడా:

తెరవకముందు చేయాల్సినవి నేను చెప్తాను, ఎందుకంటే పాత సీసాల్లో సగం నష్టం తెరిచేటప్పుడే జరుగుతుంది.

ముందు సీసాను కదపకుండా వైన్ ఎంత ఎత్తున ఉందో చూడండి. బోర్డో సీసాకి భుజాలు ఉంటాయి కదా, ఇరవై ఏళ్ళ వయసులో మట్టం మెడలోనో, మెడ అడుగునో ఉంటే నిశ్చింతగా ఉండండి. భుజం సగానికి దిగిపోయి ఉంటే మాత్రం బిరడా గాలిని లోపలికి పంపుతోందని అర్థం. తర్వాత సీసాను నిలబెట్టండి. ఒక రోజు చాలంటారు గానీ నేను మూడు రోజులు నిలబెడతాను, ఈ వయసు కాబెర్నేలో మడ్డి సన్నటి పిండిలా ఉంటుంది, అంత త్వరగా దిగదు.

ఇంత పాత బిరడాకి మామూలు స్క్రూ వాడితే మీకు జరిగినట్టే విరుగుతుంది. రెండు సన్నని రేకులున్న ఓపెనర్ దొరుకుతుంది, ఆ-సో అంటారు. రేకులను బిరడాకీ గాజుకీ మధ్య కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ పైకి లాగాలి. తొందరపడి కిందకి నొక్కితే బిరడా లోపలికి పడిపోతుంది, జాగ్రత్త. పడినా, ముక్కలైనా కంగారేం లేదు, సన్నని జల్లెడలో వంచుకోవచ్చు. విరిగిన బిరడా అంటే పాడైన వైన్ అని కాదు.

తీశాక సీసా మూతి లోపలా బయటా తడిగుడ్డతో తుడవండి. తర్వాత మెడ వెనక టార్చి పెట్టుకుని, ఒకే వంపులో, చెయ్యి ఆపకుండా డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచండి. మొదట మెడలో వైన్ కెంపులా వెలుగుతూ పారుతుంది. చివర్లో భుజం దగ్గరనుంచి పొగలాంటి నల్లటి గీత ఒకటి మెడలోకి పాకడం కనిపిస్తుంది. అక్కడ ఆపేయాలి. ఓ అరగ్లాసు పోయినట్టే, మధ్యలో ఆపి సీసాను నిటారుగా చేసి మళ్ళీ వంచారంటే మాత్రం మడ్డంతా లేచిపోతుంది, పడ్డ కష్టం వృథా.

నాలుగుగంటలు:

నాది వేరే అభిప్రాయం. డికాంటర్‌లో పోసి కనీసం రెండు మూడు గంటలు వదిలేయండి. కాబెర్నే 62 శాతం అంటున్నారు, 2001 నాపాలో మంచి సంవత్సరం, గట్టి వైన్. గాలి లేకుండా అది విచ్చుకోదు. ఇంకో మాట, నిజం చెప్పాలంటే బోర్డో బయట చేసిన ఈ బ్లెండ్లు ఇన్నేళ్ళు నిలుస్తాయని నాకు నమ్మకం లేదు. అవి మొదటి పదేళ్ళలో తాగాల్సినవి. ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

నిదానం:

పై పోస్టులో రెండు మాటలూ ఒప్పుకోలేను.

మొదట రెండోది. 1976లో పారిస్‌లో ఏది ఏ వైన్ అని చెప్పకుండా రుచి చూపించిన గుడ్డి పరీక్ష అందరికీ తెలుసు, రెడ్ వైన్లలో కాలిఫోర్నియాకి చెందిన స్టాగ్స్ లీప్ 1973 మొదట నిలిచింది, బోర్డో నుంచి వచ్చిన మూతోన్ 1970 రెండోది. అప్పుడు కూడా ఇదే మాట అన్నారు, కాలిఫోర్నియావి చిన్న వయసులో మెరుస్తాయి, నిలబడవు అని. సరిగ్గా 30 ఏళ్ళకి, 2006 మే 24న అవే రెడ్ వైన్లను మళ్ళీ రుచి చూశారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే, పైన నిలిచింది రిడ్జ్ మాంటే బెల్లో 1971. అప్పటికి దాని వయసు 35. కాబట్టి ఊరు చూసి ఆయుష్షు చెప్పలేం. పండు గాఢత, పులుపు, టానిన్, దాచిన తీరు, వీటిని బట్టే ఉంటుంది. 12, 13 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచారంటే ఈయన చేయగలిగింది చేశారు.

ఇక డికాంటర్‌లో మూడు గంటలు. లేత వైన్‌కి సరే. పాతదానికి అది జూదం. బోర్డోలో జీవితమంతా ఈ పనే చేసిన ఎమిల్ పేనో ప్రొఫెసర్ అయితే మడ్డి ఉంటేనే వంచాలి, అదీ తాగడానికి కాస్త ముందే వంచాలి అనేవారు, బాగున్న వైన్‌కి ఎక్కువసేపు గాలి తగిలితే వాసన పోతుందే తప్ప రాదని ఆయన వాదన. నేను చేసేది చెప్తాను. తెరవగానే పైనుంచి రెండు గుక్కల వైన్ గ్లాసులోకి తీసుకుని చూస్తాను. బిగుసుకుని ఉంటే డికాంటర్‌లో అరగంట, పలచగా సువాసనతో ఉంటే వంచిన వెంటనే గ్లాసుల్లోకి. అది చెప్పినట్టు మనం వినాలి. ఒకసారి ఎగిరిపోయిన వాసనను వెనక్కి తేలేం, విచ్చుకోకపోతే మాత్రం ఇంకో పావుగంట ఆగొచ్చు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏం చూడాలి. వేడి 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే వగరు గరుకుగా, పులుపు సూదిలా అనిపిస్తుంది. గ్లాసులో మూడో వంతుకి మించి పోయకండి. మొదటి వాసన గ్లాసు తిప్పకుండానే చూడండి, పాత వైన్లో అన్నిటికన్నా సున్నితమైనవి అప్పుడే వస్తాయి. తర్వాత మెల్లగా ఒక్కసారి తిప్పి మళ్ళీ చూడండి. లేత వైన్లో బ్లాక్ కరెంట్, ప్లమ్, కొత్త ఓక్ చెక్క ముందుంటాయి. పాతదాంట్లో ఆ పండు ఎండుతుంది, అంజీర్ లాగానో ఎండు ప్లమ్ లాగానో ఉంటుంది. దాని పక్కన చుట్టల పెట్టె, సీడర్ చెక్క, అప్పుడే చెక్కిన పెన్సిలు, తోలు, వాన పడ్డాక అడవిలో రాలిన ఆకులు, పుట్టగొడుగు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అన్నీ ఉండాలని లేదు. పండు కొంచెమైనా బతికి ఉందా లేదా అన్నదే నేను మొదట వెతికేది. పుట్టగొడుగూ ఆకులూ మాత్రమే ఉండి పండు బొత్తిగా లేకపోతే దాని కాలం దాటిపోయింది.

పచ్చి కాప్సికం వాసన సన్నగా వస్తే బెదరకండి, కాబెర్నే కుటుంబానికి పుట్టుకతో వచ్చే లక్షణం అది, పిరజీన్లు అనే పదార్థాల వల్ల. కాబెర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్ కలిస్తే కాబెర్నే సావిన్యాన్ పుట్టిందని 1990లలో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది కదా, ముగ్గురిలోనూ ఆ పచ్చిదనం కనిపిస్తుంది. గుర్రాల శాల వాసనా, కట్టు కట్టే ప్లాస్టరు వాసనా వస్తే అది బ్రెట్ అనే ఈస్ట్ పని. కొంచెం ఉంటే కొందరికి ఇష్టం కూడా, నాకైతే కాదు. గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసనో, వెనిగర్ ఘాటో ముక్కు లోపల గుచ్చితే అది నిజంగా దోషమే.

నోట్లో చేదునూ వగరునూ వేరు చేయండి. చాలామంది రెంటినీ కలిపేస్తారు. చేదు నాలుక మీద రుచి. వగరు రుచి కాదు, స్పర్శ, చిక్కటి టీ తాగాక చిగుళ్ళూ చెంపల లోపలా బిగుసుకున్నట్టు ఉంటుందే, అది. పాత కాబెర్నేలో వగరు పోదు, మెత్తబడుతుంది, గరుకు గుడ్డ ఉతికి ఉతికి మెత్తబడినట్టు. పండు ముందే వెళ్ళిపోయి వగరు మాత్రం మొండిగా మిగిలితే ఆ వైన్ తూకం తప్పిందని అర్థం. పులుపు కూడా అంతే, పండుతో కలిసి ఉంటే నోరు ఊరుతుంది, ఒంటరిగా మిగిలితే కోస్తుంది.

చివరిగా, మింగాక మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఫ్రాన్స్‌లో దీనికి కోదాలీ అని కొలతే ఉంది, ఒక సెకను ఒక కోదాలీ. ఐదు లెక్కపెట్టేలోపు రుచి ఆరిపోతే మామూలు వైన్. పది పన్నెండు దాటి ఇంకా నోట్లో మారుతూ ఉంటే గొప్పది. ఇక్కడ కూడా ఎంతసేపు ఉందన్నదొక్కటే చాలదు, మిగిలింది హాయిగా ఉందా లేక ఉత్త చేదు మిగిలిందా అన్నది చూడాలి.

మార్కులు వేయకండి, కనీసం ఈసారికి. టైమ్ రాసుకోండి. ఏ నిమిషానికి ఏం వాసన వచ్చిందో రాస్తే అదే అసలైన నోట్. 92 అనో 88 అనో ఒక్క అంకె రాస్తే, గంటన్నరలో నాలుగు రూపాలు మార్చిన వైన్లో మీరు ఏ రూపానికి మార్కు వేసినట్టు?

నాలుగుగంటలు:

2006 సంగతి నాకు తెలీదు, చెప్పినందుకు థాంక్స్. ఆయుష్షు గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. డికాంటర్ విషయంలో మాత్రం నా అనుభవం వేరేగా ఉంది, కానీ నేను తాగినవన్నీ పదేళ్ళ లోపువే, అది నిజం. ముందు రెండు గుక్కలు చూసి నిర్ణయించడం సరైన పద్ధతే.

నేరేడురంగు:

పదహారు రోజుల తర్వాత వస్తున్నాను. శనివారం తెరిచాను. ఇద్దరమే ఉన్నాం. ఎవరినీ పిలవలేదు, ఈసారి పూర్తిగా దాని మీదే ధ్యాస పెట్టాలనుకున్నాను.

మట్టం మెడ అడుగున ఉంది. నాలుగు రోజులు నిలబెట్టాను. ఆ-సోతో బిరడా మొత్తంగా వచ్చింది, అడుగు భాగం నల్లగా తడిసి ఉంది, పై సగం పొడిగా. టార్చి వెలుగులో మీరు చెప్పిన ఆ నల్ల గీత కనిపించింది, పొగలాగే పాకింది, అక్కడ ఆపేశాను. నోట్స్ ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

తెరవగానే, రెండు గుక్కలు: అదే అల్మారా వాసన. గుండె జారిపోయింది. మళ్ళీ అదేనా అనుకున్నాను. తడి అట్ట మాత్రం కాదు, దుమ్ము పట్టిన చెక్కలాగా ఉంది. నోట్లో బిగుతుగా, పులుపు ముందుకి. డికాంటర్‌లోకి వంచి ఆగాను.

12 నిమిషాలు: దుమ్ము వాసన సగం పోయింది. కింద నుంచి ఏదో తీపి వాసన, పేరు పట్టుకోలేకపోయాను.

25 నిమిషాలు: ఎండు అంజీర్. పెన్సిలు చెక్కినప్పటి వాసన ఎంత తేటగా వచ్చిందంటే పక్కనున్న మనిషి నాకన్నా ముందే ఆ మాట అంది. అల్మారా పూర్తిగా పోయింది.

50 నిమిషాలు: ఇదే శిఖరం. బ్లాక్ కరెంట్ బతికే ఉంది, ఎండింది గానీ బతికే ఉంది. సీడర్, పొగాకు ఆకు, కొంచెం పుదీనా లాంటి చల్లదనం. వగరు నాలుక అంచుల్లో మెత్తటి పొడిలా. చేదు అసలు లేదు, అంటే మొదటి సీసాలో నేను రుచి చూసింది మడ్డినే. మింగాక పద్నాలుగు దాకా లెక్కపెట్టాను, చివరి నాలుగు సెకన్లు టీ ఆకులా ఉంది.

గంటన్నర: తోలు, తడి ఆకులు ముందుకి వచ్చాయి, పండు వెనక్కి వెళ్ళింది. ఇంకా బాగుంది, కానీ దిగుతోంది.

రెండు గంటల పది నిమిషాలు: పలచబడింది. పులుపు ఒక్కటే నిలబడింది. ఇక పోయలేదు.

రంగు నడుమ గోమేధికం, అంచున నారింజ పట్టీ నా బొటనవేలి గోరంత వెడల్పు. మడ్డి లేకపోతే ఎంత తేటగా ఉంటుందో! కింద పెట్టిన కాగితం మీద అక్షరాలు గ్లాసు అంచులోంచి చదవగలిగాను.

దీన్నిబట్టి నా అంచనా ఇది. ఇంకా దాచి ఉంటే ఇంతకన్నా బాగుపడేది కాదు. మూడు నాలుగేళ్ళ కింద తీసి ఉంటే పండు ఇంకొంచెం ఉండేదేమో. తప్పా?

నిదానం:

తప్పు కాదు, సరిగ్గా చదివారు. గాలిలో ఎంతసేపు నిలబడిందన్నది సీసాలో ఇంకా ఎన్నేళ్ళు నిలబడేదో చెప్పే మంచి గుర్తు. నాలుగైదు గంటలు చెక్కుచెదరకపోతే ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. యాభై నిమిషాలకి శిఖరం, రెండు గంటలకి దిగుడు అంటే పూర్తిగా పండిన వైన్, తాగాల్సిన సమయంలోనే తాగారు. ఆ 12వ నిమిషంలో పేరు దొరకనిది రాశారు చూడండి, అది నాకు బాగా నచ్చింది. దొరకని పేరును బలవంతంగా తగిలించకపోవడం మంచి అలవాటు.

తేటనీరు:

చాలా సంతోషంగా ఉందండీ. అయితే మొదటి సీసా కూడా బహుశా ఇలాంటిదే, దానికి పావుగంట దొరకలేదంతే.

ఒకటి అడగొచ్చా? గ్లాసులు కడిగేశారా? పాత కాబెర్నే తాగిన ఖాళీ గ్లాసును రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున వాసన చూస్తాను నేను. ఆల్కహాలు ఆరిపోయి అడుగున ఉన్నది ఒక్కటే మిగులుతుంది.

నేరేడురంగు:

నాది కడిగేశాను. కానీ మా ఆవిడ గ్లాసు కిటికీ దగ్గర మర్చిపోయింది. మీ మెసేజ్ చూసి ఇప్పుడే వెళ్ళి చూశాను, రెండు రోజులైంది. అడుగున ఎర్రటి చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. సీడర్ వాసన ఇంకా ఉంది, దాని వెనక సన్నగా అంజీర్. ఆ 12వ నిమిషంలో నాకు పేరు దొరకని తీపి వాసన ఇదేనండీ.